గోటి వెలుతురులో కనబడ్డ గీతలు

తుపాకీ గొట్టంలోకి నేను మొదటిసారి తొంగి చూసింది 1984లో, కాకినాడలో, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు. ఎన్‌సీసీలో చేరినవాళ్ళలో చాలామంది పెరేడ్ అయ్యాక పెట్టే టిఫిన్ కోసం చేరారు గానీ, నేను మాత్రం రైఫిల్ పట్టుకోవాలనే చేరాను. మా తాతగారు రిజర్వు పోలీసులో చేసి రిటైరయ్యారు. ఆయన కుడి భుజం ఎముక దగ్గర చిన్న కాయ కాసి ఉండేది, చిన్నప్పుడు నేను దాన్ని వేలితో నొక్కి చూస్తుంటే "అది త్రీ నాట్ త్రీ ఇచ్చిన పెన్షను రా" అనేవారు.

మాకిచ్చినవి కూడా ఆ త్రీ నాట్ త్రీ రైఫిళ్ళే. ఒక్కోటి నాలుగు కిలోల బరువు, చెక్కకి పట్టించిన అవిసెనూనె వాసన చేతులకి అంటుకుని భోజనం దగ్గర కూడా వచ్చేది. నా వంతుకి వచ్చిన రైఫిల్ మీద, బోల్టు పిడి కింద కట్టులాగా ఉన్న ఇనుప పట్టీ మీద కిరీటం బొమ్మ, దాని కింద జి.ఆర్.ఐ. అని బ్రిటిష్ రాజు జార్జి ముద్ర మూడక్షరాలు, ఇషాపూర్ అన్న పేరు, 1942 అన్న అంకె ఉండేవి. మా అమ్మ పుట్టిన సంవత్సరం అది. అందుకేనేమో ఆ రైఫిల్ వేరేవాడికి వెళ్తే మనసు ఊరుకునేది కాదు.

పెరేడ్ చివర్లో "జాంచ్ శస్త్ర్" అని కాషన్ వచ్చేది. బోల్టు వెనక్కి లాగి, గొట్టం మొదట్లో బొటనవేలు పెట్టి, గోరు మీద ఎండ పడేలా వంచి పట్టుకోవాలి. మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి మూతి వైపు నుంచి ఒక కన్ను మూసి చూసేవారు. ఆ గోరే అద్దంలా పనిచేసి గొట్టం లోపలంతా వెలుగు నింపుతుంది, తుప్పు ఉన్నా, పుల్‌త్రూతో గుడ్డ సరిగ్గా లాగకపోయినా ఆ వెలుగులో దొరికిపోతాం. ఒకరోజు ఆయన నా వెనక నిలబడి "ఇధర్ ఆ, దేఖ్" అని మా పక్కవాడి రైఫిల్ నా చేత చూపించారు. వాడు గుడ్డ లాగలేదు, అది చూపించాలని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం మురికి కనపడలేదు. లోతైన బావిలోకి తొంగి చూస్తే అడుగున నీళ్ళు మెరిసినట్టు అక్కడెక్కడో ఎర్రగా గోరు, అక్కణ్నుంచి నా కంటిదాకా ఐదు గాడులు, ఐదూ ఎడమవైపుకి మెలి తిరుగుతూ, ఒకదానికొకటి తగలకుండా, ఎక్కడా ఎడం తప్పకుండా వస్తున్నాయి. చిటికెన వేలు కూడా పట్టని కన్నం. అందులోకి ఏ చెయ్యి వెళ్ళి ఇవి గీసింది?

అదే అడిగాను. "మెషీన్ సే హోతా హై బేటా" అన్నారు ఉస్తాద్. కాలేజీలో వర్క్‌షాపు మేష్టార్ని అడిగితే బ్రోచింగ్ అన్నారు, సిలబస్‌లో లేదన్నారు, అక్కడితో అయిపోయింది.

ఆ గాడులు ఎందుకో మాత్రం అప్పటికే తెలుసు, బొంగరం ఆడినవాడెవడికైనా తెలుస్తుంది. తిరుగుతున్నంతసేపూ బొంగరం నిటారుగా నిలబడుతుంది, తిరగడం ఆగితే పడిపోతుంది. గుండు కూడా అంతే. గాడుల మధ్యలో ఒరుసుకుంటూ వెళ్ళేటప్పుడు మెలి పట్టుకుని తిరుగుతూ బయటికొస్తుంది, తిరుగుతోంది కాబట్టే పల్టీ కొట్టకుండా మూతి ముందుకే పెట్టుకుని పోతుంది. త్రీ నాట్ త్రీలో పది అంగుళాలకి ఒక చుట్టు. గుండు సెకనుకి 2,440 అడుగుల వేగంతో బయటపడుతుంది కాబట్టి లెక్క వేస్తే సెకనుకి 2,900 చుట్ల పైమాట. హాస్టల్లో ఒక రాత్రి ఈ లెక్క వేసుకుని, తప్పేమో అని మళ్ళీ వేసుకుని, అలాగే కూర్చుండిపోవడం నాకు ఇప్పటికీ గుర్తు. అంత వేగాన్ని పుట్టిస్తున్న గాడి లోతు చూస్తే రెండు వెంట్రుకల మందం, అంతే.

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి పదమూడేళ్ళు పట్టింది.

1997లో ఉద్యోగం మీద అమెరికా వచ్చాను. అందరూ కాలిఫోర్నియా, న్యూజెర్సీ వెళ్తుంటే నేను వెర్మాంట్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో దిగాను. కొండలు, మధ్యలో బ్లాక్ రివర్ అని ఒక ఏరు, అది కాస్త దూరం పోయి కనెక్టికట్ నదిలో కలుస్తుంది. తెలుగు మాట వినాలంటే బోస్టన్ దాకా పోవాలి, గుడికైతే యాష్‌లాండ్ లక్ష్మీదేవి గుడి, పోనూ రానూ ఒక రోజు పని. కానీ మిషన్లంటే ప్రాణం ఉన్నవాడికి ఆ లోయ కాశీలాంటిది. ప్రెసిషన్ వ్యాలీ అనేవాళ్ళు దాన్ని. జోన్స్ అండ్ ల్యామ్‌సన్ టరెట్ లేత్‌లు, ఫెలోస్ గేర్ షేపర్లు, బ్రయంట్ గ్రైండర్లు, మనం టెక్స్ట్‌బుక్కుల్లో బొమ్మలు వేసుకుని మార్కులు తెచ్చుకున్న మిషన్లన్నీ పుట్టింది ఆ ఏటి ఒడ్డునే. నేను వెళ్ళేసరికే చాలా షాపులు చిక్కిపోయాయి. కిటికీలకి చెక్కలు కొట్టేసిన పెద్ద పెద్ద కట్టడాల పక్కనుంచి రోజూ డ్యూటీకి వెళ్ళేవాణ్ని.

మా అద్దె ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉండేవారు. డెబ్భై దాటిన మనిషి, ఆ షాపుల్లోనే నలభై ఏళ్ళు పనిచేసి రిటైరై, ఇంటి వెనక కొట్టంలో టార్గెట్ షూటింగ్ వాళ్ళకి గొట్టాలు చేసి పెట్టేవారు. పేరుతోనే పిలవమన్నారు గానీ అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, సార్ అనేవాణ్ని, చివరిదాకా అలాగే పిలిచాను. మొదటి చలికాలం మా కారు మంచులో కూరుకుపోతే ట్రాక్టర్ తెచ్చి లాగారు. కాఫీకి పిలిచారు. కాఫీ తాగి, కొట్టంలోకి తీసుకెళ్ళి లైటు వేశారు.

ఆ లైటులో చూసిన మిషన్ గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ప్రాట్ అండ్ విట్నీ వాళ్ళ సైన్ బార్ రైఫ్లింగ్ మిషన్. రైఫ్లింగ్ అంటే గొట్టం లోపల ఆ గాడులు కొయ్యడం. విమానాల ఇంజన్ల వల్ల మనకి ఆ పేరు తెలుసు గానీ, ఆ ఇంజన్ల కంపెనీ పుట్టింది 1925లో. అంతకు చాలా ముందే, 1860లోనే, ఫ్రాన్సిస్ ప్రాట్, ఏమస్ విట్నీ అనే ఇద్దరు కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో మిషన్ టూల్స్ షాపు పెట్టుకున్నారు, తుపాకుల ఫ్యాక్టరీలకి కావలసిన మిషన్లు చేసి ప్రపంచమంతా పంపారు. ఈ మిషన్ ఒకప్పుడు పైకప్పుకింద తిరిగే లైన్ షాఫ్ట్ నుంచి తోలు బెల్టుతో నడిచింది. ఆయన మోటారు పెట్టుకున్నారు గానీ బెల్టు తియ్యలేదు. ముందుకి వెళ్ళడానికి ఒక బెల్టు, వెనక్కి రావడానికి మెలితిప్పి వేసిన ఇంకో బెల్టు. స్విచ్ వేయగానే ఆ తోలు బెల్టు చప్పట్లు కొట్టినట్టు మొదలై, కాసేపటికి సర్దుకుని ఒక్కటే హోరు పెట్టేది. మా ఊరి రైస్ మిల్లులో అచ్చం అదే చప్పుడు, అదే కాలిన తోలు వాసన. పదమూడు వేల కిలోమీటర్ల అవతల మంచులో నిలబడి మా ఊరి వడ్ల మిల్లు గుర్తొస్తుందని నేను అనుకోలేదు.

ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఎందుకంటే ఇది చూసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పొడవాటి బెడ్. ఒక చివర గొట్టాన్ని బిగిస్తారు, అప్పటికే దానికి నిలువునా కన్నం వేసి రీమర్‌తో నునుపు చేసి ఉంటుంది. ఇంకో వైపు క్యారేజీ, అంటే జారే పీఠం, ముందుకీ వెనక్కీ నడుస్తుంది. దాని మీద స్పిండిల్ అనే తిరిగే ఇరుసు, స్పిండిల్‌కి పొడుగాటి సన్న గొట్టంలాంటి కడ్డీ, కడ్డీ చివర కట్టర్ తల. కడ్డీ గొట్టంలోంచి దూరి అవతలికి వెళ్తుంది, వెనక్కి లాగేటప్పుడు కోస్తుంది. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. కానీ లాగుతూ ఉండగా కడ్డీ తిరగాలి కదా, అదీ పది అంగుళాలకి సరిగ్గా ఒక్క చుట్టు, మొదటి అంగుళంలో ఎంత తిరిగిందో చివరి అంగుళంలోనూ అంతే తిరగాలి. నేను గేర్ల పెట్టె ఏదో ఉంటుందనుకుని వెతికాను. లేదు. బెడ్ పక్కన ఏటవాలుగా బిగించిన ఒక చదునైన ఇనుప బద్ద ఉంది, అంతే. అదే సైన్ బార్. (మనం టూల్‌రూమ్‌లో కోణాలు కొలవడానికి వాడే సైన్ బార్ వేరు, పేరు మాత్రం ఒకటే.) క్యారేజీకి అడ్డంగా ఒక పళ్ళ బద్ద ఉంటుంది, ర్యాక్ అంటాం కదా, దాని చివర ఈ ఏటవాలు బద్దని పట్టుకుని జారుతూ ఉంటుంది. క్యారేజీ నడిచేకొద్దీ ఏటవాలు బద్ద ఆ ర్యాక్‌ని పక్కకి నెడుతుంది, ర్యాక్ స్పిండిల్ మీది పినియన్‌ని, అంటే చిన్న పళ్ళ చక్రాన్ని, తిప్పుతుంది, పినియన్‌తో పాటు కడ్డీ తిరుగుతుంది. బద్దని ఇంకాస్త ఏటవాలు చేస్తే మెలి బిగుస్తుంది, తగ్గిస్తే వదులవుతుంది. తిన్నటి గీత ఒకటి పక్కన పెట్టి, దాన్ని కనపడని చోట మెలి తిరిగిన గీతగా మార్చేశారు. నాలుగేళ్ళు మెషిన్ డ్రాయింగ్ గీసిన చేతులు నావి, అయినా ఆ ఆలోచనకి దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే పెట్టాను, బెడ్‌కి చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నాను. ఆయన అదేమిటని అడిగితే ఆయుధ పూజ సంగతి చెప్పాను. మా వైపు దసరాకి లేత్ మిషన్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలదండ వేస్తాం అంటే చాలాసేపు తల ఊపారు. తర్వాతి ఏడు దసరా ఎప్పుడొస్తుందో నన్నే అడిగి కనుక్కుని, నేను వెళ్ళేసరికి మిషన్ శుభ్రంగా తుడిచి, వాళ్ళావిడ పెరట్లోంచి తెచ్చిన బంతిపూలు ఒక గ్లాసులో పెట్టి ఉంచారు.

కట్టర్ తల దాదాపు పెన్సిలంత లావుంటుంది. దానికో సన్నటి గాడి, అందులో కొక్కెంలా వంగిన ఒకే ఒక్క పన్ను. పన్ను కింద చిన్న చీల, చీల వెనక మర. మర కొంచెం తిప్పితే చీల ముందుకు జరిగి పన్నుని పైకెత్తుతుంది. ఎంత? అంగుళంలో పదివేలో వంతు, మహా అయితే అంతకి కొంచెం అటూ ఇటూ. ఆ లోతు ఒక్కటే ఒక్కసారికి కోసేది. ఒక గాడిలో లాగాక, గొట్టాన్ని ఒక ఖాన ముందుకి తిప్పి రెండో గాడిలో అంతే లోతు, తర్వాత మూడోది, ఇలా ఆరు గాడులూ ఒక చుట్టు అయ్యాకే మళ్ళీ మర ముట్టుకోవాలి. ఒక గాడి పూర్తి చేసేసి ఇంకోదానికి వెళ్దామంటే కుదరదు, లోతులు ఒకదానికొకటి సరిపోవు. పాయింట్ త్రీ జీరో క్యాలిబర్ (0.30 అంగుళాల కన్నం) గొట్టంలో గాడి లోతు నాలుగు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే గాడికి నలభై లాగుళ్ళు, ఆరు గాడులకి 240. ఇవి పోగా కొలుచుకోవడాలు, ఆగి చూసుకోవడాలు. కడ్డీ లోపలినుంచి నూనె పారుతూ ప్రతి లాగుడికీ తీసిన రజనుని కడిగేస్తుంది. ఆ రజను మెత్తగా ఉన్నిలా ఉంటుంది, ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి కట్టర్ మొద్దుబారిందో లేదో చెప్పేవారు.

అన్నిటికంటే చెవి. స్టూలు మీద కూర్చుని, తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు మూసుకునేవారు. కోస్తున్నప్పుడు వచ్చే చప్పుడు మా అమ్మ కొబ్బరి కోరుతున్నట్టు ఉండేది, అంత మెత్తగా, ఒకే జోరుగా. ఆ జోరు మధ్యలో ఎక్కడైనా పిసరంత మారితే చెయ్యి బెల్టు మార్చే కర్ర మీదికి వెళ్ళిపోయేది. నాకు ఆ మార్పు వినపడటానికి రెండు చలికాలాలు పట్టింది. గోడ మీద పెన్సిల్‌తో లెక్క పెట్టుకునేవారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. ఆ కొట్టం చెక్కగోడ కిందినుంచి మనిషి ఎత్తు దాకా ఆ గీతలే.

శనివారాలు వెళ్ళేవాణ్ని. జీతం లేని అప్రెంటిస్‌ని అనుకోండి. గొట్టం తుడవడం, నూనె వడకట్టడం, తర్వాత లెక్క పెట్టడం, ఆ తర్వాత లాప్ పొయ్యడం. ఇది కూడా చెప్పాలి. రైఫ్లింగ్ అయ్యాక కడ్డీ చివర నూలు చుట్టి గొట్టంలోకి దూర్చి, పైనుంచి కరిగిన సీసం పోస్తారు. సీసం చల్లారి ఆ గాడుల అచ్చు పోసుకుంటుంది. దానికి నూనె, గరుకు పొడి పూసి చేత్తో ముందుకీ వెనక్కీ లాగాలి. అప్పుడు గొట్టం లోపల ఏ చోట బిగువో, ఏ చోట వదులో అరచేతికి తెలిసిపోతుంది. అరచేతికి తెలిసిన ఆ తేడాని ఆయన గేజ్ పెట్టి కొలిచి చూపిస్తే టెంత్‌ల్లో, అంటే అంగుళంలో పదివేలో వంతుల్లో, ఉండేది.

ఒకసారి కటింగ్ ఆయిల్ గురించి మాట వచ్చింది. పాతకాలంలో పంది కొవ్వు నూనె వాడేవాళ్ళమని, దాని అంత బాగా ఏదీ పనిచెయ్యదని చెప్పారు. నేను 1857 గురించి చెప్పాను. ఎన్‌ఫీల్డ్ రైఫిల్, దాని తూటాకి చుట్టిన కాగితం, ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదో పందిదో అన్న మాట, పళ్ళతో చింపమన్న ఆర్డరు, మీరట్. ఆయన ఆ కథ ఎప్పుడూ వినలేదట. చేతిలో పని ఆపేసి మొత్తం విన్నారు. చివర్లో "ఏ మోడలు ఎన్‌ఫీల్డ్?" అని అడిగారు. 1853ది అన్నాను. "మూడు గాడులు, 78 అంగుళాలకి ఒక చుట్టు" అన్నారు వెంటనే. ఇంకాసేపు ఆగి, రేపు ఖాళీయేనా, నీకొకటి చూపించాలి అన్నారు.

మర్నాడు ఆదివారం విండ్సర్ తీసుకెళ్ళారు. మా ఊరినుంచి అరగంట కంటే కొంచెం ఎక్కువ. ఏటి పక్కన ఎర్ర ఇటుకల మేడ, రాబిన్స్ అండ్ లారెన్స్ ఆయుధాల ఫ్యాక్టరీగా 1846లో కట్టింది. 1966 నుంచీ అందులో అమెరికన్ ప్రెసిషన్ మ్యూజియం ఉంది. ఆ కంపెనీ 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఎగ్జిబిషన్‌కి ఆరు రైఫిళ్ళు పంపింది. ఆరింటినీ విప్పి కలగాపులగం చేసి మళ్ళీ బిగించినా ఏ భాగం ఏ తుపాకీకైనా సరిపోయేది. అప్పటికి ఇంగ్లండులో తుపాకీలంటే చేత్తో ఆకురాయి పట్టి ఒకదానికొకటి సరిచేసుకునే పని. వాళ్ళు చూసి కదిలిపోయి, 1854లో అమెరికాకి ఒక కమిటీని పంపి, ఇక్కడి ఫ్యాక్టరీలు తిరిగి చూసి, విండ్సర్ నుంచి తుపాకీ భాగాలు చేసే మిషన్లు కొనుక్కుని ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ అనే చోట ఉన్న తమ ప్రభుత్వ తుపాకీల ఫ్యాక్టరీలో పెట్టుకున్నారు. మనుషుల్ని కూడా తీసుకెళ్ళారు, జేమ్స్ బర్టన్ అనే ఆయన అమెరికా నుంచి ఎన్‌ఫీల్డ్‌కి ఛీఫ్ ఇంజనీరుగా వెళ్ళాడు. ఈ కంపెనీ మాత్రం క్రిమియా యుద్ధంలో ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళకి వచ్చిన పెద్ద ఆర్డరు నమ్ముకుని అప్పులు చేసి, యుద్ధం అయిపోయేసరికి దివాళా తీసింది.

ఆ మేడ మెట్ల మీద కూర్చుని నేను వరసగా పేర్చుకున్నాను. ఈ ఏటి ఒడ్డున చేసిన మిషన్లు ఎన్‌ఫీల్డ్‌కి వెళ్ళాయి. నా త్రీ నాట్ త్రీలోని ఐదు గాడుల ఎడమ మెలి ఆ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు కుదిర్చిందే, 1895లో, అంతకుముందున్న ఏడు గాడుల మెట్‌ఫర్డ్ పద్ధతి కార్డైట్ మందు వేడికి తొందరగా అరిగిపోతోందని. ఆ పద్ధతి కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ వెళ్ళింది. ఇషాపూర్ నుంచి 1942లో ఒక రైఫిల్ బయల్దేరి ఎక్కడెక్కడ తిరిగిందో గానీ, కాకినాడ గ్రౌండ్‌లో ఒక ఇరవై ఏళ్ళ కుర్రాడి చేతికి వచ్చింది. ఆ కుర్రాడు ఇప్పుడు తిరిగి తిరిగి ఇక్కడ కూర్చున్నాడు. ఆయనకి చెప్పాను. మా తాతగారి భుజం మీది కాయ గురించి కూడా చెప్పాను. ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు కారు ఆపి, కనెక్టికట్ నది మీది పాత చెక్క వంతెన, పైకప్పు ఉంటుంది దానికి, 1866 నాటిది, దాంట్లోంచి నన్ను నడిపించుకుని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి తీసుకొచ్చారు.

ఇంకా పాతది కూడా చూశాను, 2003లో పిల్లలతో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ వెళ్ళినప్పుడు. అక్కడ తుపాకీలు చేసేవాళ్ళు 18వ శతాబ్దం పద్ధతిలోనే చేసి చూపిస్తారు. వాళ్ళ రైఫ్లింగ్ బెంచీ మొత్తం చెక్క. చేతి లావు దుంగ, దాని ఒంటి మీదే పొడుగునా మెలి తిరిగిన గాడులు చెక్కి ఉంటాయి. ఆ దుంగ ఒక పళ్ళ చట్రంలోంచి జారుతూ తనకుతానే తిరుగుతుంది, దానికి తగిలించిన కడ్డీ చివర చిన్న రంపప్పళ్ళ కట్టరు. లోతు పెంచాలంటే కట్టర్ కింద సన్నటి కాగితం ముక్క ఒకటి దూర్చాలి, ఇంకా లోతు కావాలంటే ఇంకో కాగితం. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ పనివాళ్ళు పొడుగు రైఫిళ్ళు చేసింది వీటితోనే. మా చిన్నది ఆ కాగితం ముక్క దగ్గరే ఆగిపోయింది, "నాన్నా, పేపర్‌తో ఇనుము కోస్తున్నారా" అని. ఇంటికొచ్చాక పెద్దాయనకి చెప్తే, ఆయన కూడా కట్టర్ కొత్తగా వేసినప్పుడు సిగరెట్ కాగితం పెట్టే మొదలుపెడతానని చూపించారు.

ఆ మిషన్ నేను నడిపింది ఎన్నిసార్లో లెక్క లేదు గానీ ఒక్కసారి గురించే చెప్పాలి. 2001 మార్చి, మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న రోజులు. ఒక గొట్టం మొత్తం నా చేతికే వదిలేసి ఆయన ఇంట్లోకి వెళ్ళారు. బాగా సాగుతోంది, చప్పుడు బాగుంది, గోడ మీద నా గీతలు నూట ఎనభై దాటాయి. ఇంకో అరవై. పొద్దుగూకుతోంది, ఇంటి దగ్గర చుట్టాలు. మర తిప్పాల్సినంత కంటే ఇంకొంచెం తిప్పాను. ఒక్క ఖాన ఎక్కువ, అంతే. మూడు గాడులు కోసింది. నాలుగో దాంట్లో మధ్యలో కొబ్బరి కోరు చప్పుడు పోయి గుడ్డ చిరిగినట్టు వినిపించింది, నా చెయ్యి కర్ర దగ్గరికి వెళ్ళేలోపే అయిపోయింది.

ఆయన వంటింట్లో ఉన్నారు, గోడల అవతల, కిటికీలు మూసి. నేను చెప్పడానికి తలుపు తీసేసరికి అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. విన్నారు.

ఒక్క మాట అనలేదు. గొట్టం విప్పి, లైటుకి ఎదురుగా పట్టుకుని, అటువైపు నుంచి ఒకసారి, ఇటువైపు నుంచి ఒకసారి చూశారు. దాని తాలూకు స్టీలు, కన్నం వేసిన రోజు, రీమ్ చేసిన రోజు, అన్నీ ఆయనవే. గోడ దగ్గరికి వెళ్ళి నా నూట ఎనభై చిల్లర గీతల చుట్టూ పెన్సిల్‌తో ఒక గడి గీశారు. కొత్త కట్టర్‌కి ఆకురాయి పట్టడం ఆ సాయంత్రమే నేర్పించారు, చుట్టాలు వెళ్ళిపోయేదాకా నేను ఇంటికి వెళ్ళలేదు.

ఇప్పుడు గొట్టాలు అలా ఎవరూ చెయ్యరని కాదు, ఆ పద్ధతి నమ్మినవాళ్ళు ఇంకా చేస్తున్నారు. కానీ పెద్ద ఫ్యాక్టరీల్లో కార్బైడ్ బటన్, అంటే గాడుల ఆకారం ఉన్న గట్టి లోహపు గుండీ, ఒకటి గొట్టంలోంచి నిమిషంలో లాగేస్తే గాడులన్నీ ఒకేసారి నొక్కుకుపోతాయి, లేదంటే లోపల మాండ్రిల్ అనే గాడుల అచ్చు కడ్డీ పెట్టి బయటినుంచి సుత్తులతో కొట్టి అచ్చు దింపేస్తారు. అవి తప్పని నేననను, ఉద్యోగంలో నేనూ అలాంటి మిషన్ల మీద పనిచేశాను. వాటి పక్కన కళ్ళు మూసుకుని కూర్చోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

2009లో ఆయనకి కళ్ళు బాగా తగ్గాయి. చెవి మాత్రం అలాగే ఉంది. మొంటానా నుంచి ఒక కుర్రాడు, ముప్పై ఏళ్ళుంటాయేమో, భార్యాభర్తలిద్దరూ ట్రక్కు వేసుకుని వచ్చి మిషన్ కొనుక్కున్నారు. బెడ్‌ని రోలర్ల మీద బయటికి నెట్టడానికి ఒక పూట పట్టింది, ఆ నెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సైన్ బార్‌ని విప్పొద్దు, ఉన్న కోణంలోనే తీసుకెళ్ళమని ఆయన ఆ కుర్రాడికి రెండుసార్లు చెప్పారు. ఆ అమ్మాయి గోడ మీది పెన్సిల్ గీతలన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకుంది. ట్రక్కు వెళ్ళిపోయాక కొట్టంలో నేల మీద బెడ్ కాళ్ళు ఉన్నచోట నూనె తాగి నల్లబడ్డ నాలుగు చతురస్రాలు మిగిలాయి. ఆయన 2011 చలికాలంలో పోయారు.

నేను పాడుచేసిన ఆ గొట్టాన్ని ఆయన పారెయ్యలేదు. పాడైన చోటు మధ్యకి వచ్చేలా ఆరంగుళాల ముక్క కోసి, రెండు చివర్లూ లేత్ మీద చదును చేసి, నూనె గుడ్డలో చుట్టి, మేము ఆ ఊరు వదిలి బోస్టన్ వైపు మారేటప్పుడు ఇచ్చారు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. ఆదివారం పొద్దున్న కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చేవేళ, ఒక చివర బొటనవేలు పెట్టి, గోరు మీద వెలుతురు పడేలా వంచి, రెండో చివర కన్ను ఆనించి చూస్తాను. ఆరు గాడులు, కుడివైపుకి మెలి. ఐదు అద్దంలా ఉంటాయి. నాలుగోదాంట్లో, సగం దూరంలో, నేను చింపిన చోటు ఇంకా పదునుగానే ఉంది.